రెప్ప వాలిన బిడ్డకు ఈత కళ్లద్దాలు

వేసవి సెలవులు రాగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పిల్లల మనసు నీటివైపు మళ్లుతుంది. ముందటి ఏడు వానలు బాగా కురిసి ఉంటే పొలాల్లోని బావులు నిండుగా కనిపిస్తాయి. ఎండిన సొరబుర్రనో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో నడుముకు కట్టుకొని, మామల, అన్నల కనుసన్నలలో ఈత నేర్చుకోవడం మన సీమలో తరతరాల అలవాటు. పట్టణాలలో ఇప్పుడు ఈతకొలనులకు వెళ్లేవారూ ఉన్నారు.

కొన్ని ఇళ్లలో మాత్రం ఈ ఉత్సాహం వెనుక ఒక సందేహం దాగి ఉంటుంది. ఆ ఇంటి బిడ్డకు పుట్టుకతోనే ఒక కనురెప్ప వాలి ఉంటుంది, లేదా రెప్పల అంచులు తరచూ వాచి ఎర్రబడుతుంటాయి. ‘వాడికి నీళ్ల జోలి వద్దు’ అని దాదీ అంటుంది. ‘అందరు పిల్లల్లాగే వాడూ’ అని తండ్రి వాదిస్తాడు. ‘గాగుల్స్ పెడితే సరిపోదా’ అని తల్లి అడుగుతుంది. ముగ్గురి మాటల్లోనూ ప్రేమే ఉంది. అయితే గాగుల్స్ అని మనం పిలిచే ఈత కళ్లద్దాలు అన్నీ ఒకే తీరున ఉండవు. ఆరోగ్యవంతమైన కంటికి హాయిగా అమరినవి రెప్ప లోపమున్న కంటికి ఇబ్బంది కలిగించవచ్చు. కాబట్టి ఈ చిన్న వస్తువును ఎన్నుకోవడంలో తల్లిదండ్రులు గమనించవలసిన విషయాలను వివరంగా తెలుసుకుందాం.

ఈత వృథా కాలక్షేపం కాదు

ముందుగా ఒక మాట. ఈత నేర్చుకోవడం వ్యర్థ వినోదాల లెక్కలోకి రాదని హదీసు సంప్రదాయం చెబుతోంది. పిల్లలకు ఈత నేర్పించమని హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు ఉపదేశించినట్లు ఉల్లేఖనాలు ఉన్నాయి. ప్రాణాన్ని కాపాడే విద్య గనుక దేహంలో ఒక లోపం ఉన్న బిడ్డకు అది మరింత అవసరం. అదే సమయంలో హానిని తొలగించడం మన ధర్మశాస్త్రంలో ఒక మూల నియమం. బిడ్డ కన్ను తల్లిదండ్రుల చేతిలోని అమానతు. ఈ రెండు బాధ్యతలను కలిపి చూస్తే, బిడ్డను నీటికి దూరం చేయడమూ సరికాదు, చేతికందిన కళ్లద్దాలు తగిలించి నీటిలోకి దింపడమూ సరికాదు.

రెప్ప లోపాలలో రకాలు

పై రెప్పను ఎత్తే కండరం ఒకటి ఉంటుంది. కొందరు పిల్లలలో అది గర్భంలోనే సరిగా రూపుదిద్దుకోదు. కండర పోగుల స్థానంలో సాగని నారవంటి కణజాలం ఏర్పడుతుంది. అప్పుడు రెప్ప వాలిపోయి ఉంటుంది. వైద్యులు దీనిని టోసిస్ అంటారు. వాలిన రెప్ప కంటిపాపను కప్పివేస్తే ఆ కంటికి చూడడం అలవడదు; కన్ను నిర్మాణంలో బాగున్నా చూపు మందగిస్తుంది. దీనినే సోమరి కన్ను అంటారు. చూపు ఎదిగే వయసు దాటిపోకముందే, అంటే ఏడెనిమిదేళ్లలోపే చికిత్స మొదలైతే ఫలితం బాగుంటుంది. రెప్ప బరువు వల్ల కంటి నల్లగుడ్డు ఆకృతి మారి, అద్దాలు అవసరమయ్యే పిల్లలూ ఉంటారు.

రెండవది రెప్పల అంచుల వాపు. వెంట్రుకల మొదళ్ల వద్ద పొట్టు కట్టడం, ఉదయం లేచేసరికి రెప్పలు అంటుకోవడం, తరచూ కంటికురుపులు లేవడం దీని లక్షణాలు. కొలనులో కలిపే క్లోరిన్ ఇటువంటి రెప్పలను మరింత మండిస్తుంది. మూడవది, కింది రెప్ప వద్ద చర్మపు మడత వల్ల వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని రాపాడించడం. నాలుగవది, కళ్లు చిన్నవిగా, వాటి మధ్య దూరం ఎక్కువగా, రెప్పలు వాలి ఉండే పుట్టుకతోటి స్థితి. ఇది కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పుట్టినప్పుడు లేని వాలు తరువాత వచ్చినా, ఉదయం బాగుండి సాయంత్రానికి రెప్ప మరింత వాలుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, రెండు కంటిపాపల పరిమాణంలో తేడా ఉన్నా అది కళ్లద్దాల సమస్య కాదు. ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. కండరాలు త్వరగా అలసిపోయే వ్యాధి ఉన్న బిడ్డను వైద్యుని అనుమతి లేకుండా నీటిలోకే దింపకూడదు.

బిడ్డ ఎలా చూస్తున్నాడో గమనించండి

రెప్ప వాలిన పిల్లవాడు చూసే తీరు వేరు. గడ్డం కాస్త పైకెత్తుతాడు. కనుబొమలను పైకి లాగుతాడు. చిన్న వయసులోనే నుదుటిపై ముడతలు కనిపిస్తాయి. మక్తబ్‌లో ఖాయిదా ముందు కూర్చున్నప్పుడు ‘తల దించి చదువు’ అని పెద్దలు మందలించడం మామూలే. కానీ ఆ భంగిమ అలక్ష్యం వల్ల వచ్చింది కాదు. రెప్పను ఎత్తలేని కండరానికి బదులుగా నుదుటి కండరంతో పని చేయించి, తనకు చూపు అందే దారిని ఆ బిడ్డ తానే వెతుక్కున్నాడు. ఉపాధ్యాయులు ఆ భంగిమను సరిదిద్దకుండా, దానిని తల్లిదండ్రుల దృష్టికి తీసుకురావడం మేలు.

కళ్లద్దాల ఎంపికకు ఈ గమనింపే ఆధారం. కనుబొమను ఎత్తి చూసే బిడ్డకు, ఆ కనుబొమనే అదిమిపట్టే కళ్లద్దాలు తగిలిస్తే ఏమవుతుంది? నీరు లోపలికి రాదు. చూపు మాత్రం మూసుకుపోతుంది. దుకాణదారుడు ‘బాగా అతికింది’ అని మెచ్చుకుంటున్న సమయంలోనే బిడ్డకు ఎదురుగా ఉన్నది కనిపించకపోవచ్చు. కాబట్టి మన అన్వేషణ రెండు షరతుల మధ్య సాగాలి: అంచు రెప్పమీద పడకూడదు, కనుబొమ కదలిక ఆగకూడదు.

మూడు తీరుల కళ్లద్దాలు

మొదటిది పందెం ఈతగాళ్లు వాడే చిన్న గిన్నెల వంటివి. వీటి అంచు కంటిగుంట లోపలే కూర్చుంటుంది. కొన్నిటికి మెత్తని అంచు కూడా ఉండదు. రెప్ప లోపం గల పిల్లలకు ఇవి తగవు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈత కళ్లద్దాలు ధరించినంతసేపు కంటి లోపలి పీడనం సగటున 4.5 మిల్లీమీటర్ల పాదరస ప్రమాణం మేర పెరిగినట్లు, అద్దాల వైశాల్యం చిన్నదైనకొద్దీ ఆ పెరుగుదల ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఆరోగ్యవంతమైన కంటికి ఇది తాత్కాలిక మార్పే కావచ్చు. అయినా చిన్న అంచు ఎంత ఒత్తిడి పెడుతుందో దీనినిబట్టి అర్థమవుతుంది.

రెండవది పిల్లల కోసం తయారయ్యే మధ్యరకం. వీటికి మెత్తని సిలికాన్ అంచు ఉంటుంది; అది కంటిగుంట చుట్టూ ఉన్న ఎముకమీద కూర్చుంటుంది. స్వల్పంగా రెప్ప వాలిన బిడ్డకు, అంచువాపు ఉన్న బిడ్డకు ఇవి సాధారణంగా సరిపోతాయి. అయితే పై అంచు సరిగ్గా కనుబొమమీద పడుతున్నదేమో చూడాలి.

మూడవది వెడల్పైన ఈత మాస్కు. రెండు కళ్లనూ కలిపి కప్పుతుంది, ముక్కును మాత్రం బయట వదిలేస్తుంది. దీని అంచు నుదురు, చెంప ఎముకలమీద పరుచుకుంటుంది గనుక ఒత్తిడి ఒకచోట పోగుపడదు. కనుబొమకు లోపల కదలడానికి చోటు మిగులుతుంది. రెప్ప బాగా వాలిన బిడ్డకు ముందుగా పరీక్షించవలసింది దీనినే. పెద్దల పరిమాణం తీసుకుంటే చెంపల వద్ద సందు మిగిలి నీరు కారుతుంది. ఆ నీటిని ఆపబోయి పట్టీ బిగిస్తే నుదుటి కండరం అణిగిపోతుంది. అందుచేత పిల్లల పరిమాణమే తీసుకోవాలి.

ముక్కును కూడా మూసివేసే డైవింగ్ మాస్కును, ముఖమంతా కప్పే గొట్టపు మాస్కును ఈత నేర్చుకునే చిన్నపిల్లలకు కొనవద్దు. అవి వేరే పనికి ఉద్దేశించినవి. వాటిలోకి నీరు చేరితే చిన్నపిల్లలు కంగారుపడతారు.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

పొట్లం విప్పి ముఖానికి పెట్టి చూడనివ్వని చోట కొనకపోవడమే మంచిది. ఇంటికి తెప్పించుకునేవారు, తిరిగి తీసుకునే ఏర్పాటు ఉన్నదో లేదో ముందే తెలుసుకోవాలి. మన మూడు పట్టణాలలో తగిన పరిమాణం దొరకకపోతే, ఎలాగూ కంటి పరీక్షకో, వ్యాపారానికో ఇదే రైలు దారిలో బెంగళూరు వెళ్లే కుటుంబాలు బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు అక్కడ చూడవచ్చు. బిడ్డ లేకుండా కొలతలతో కొనేది కాదు ఇది.

మొదటి పరీక్ష: పట్టీ తలకు వేయకుండా అద్దాలను కళ్లపై మెల్లగా ఆనించి చేయి తీయండి. ఒకటి రెండు క్షణాలు నిలిచి, తరువాత మెల్లగా జారితే అంచు ముఖానికి సరిగా అమరినట్టే. వెంటనే పడిపోతే సందులున్నాయి. రెప్ప చర్మాన్ని లాగుతూ గట్టిగా పీల్చిపట్టుకుంటే అది ఈ బిడ్డకు పనికిరాదు.

రెండవ పరీక్ష ముఖ్యమైనది. గోడమీద క్యాలెండరునో, దుకాణపు పేరుపలకనో చూపి, కళ్లద్దాలు లేకుండా ఏ అక్షరాలు కనిపిస్తున్నాయో చెప్పమనండి. తరువాత కళ్లద్దాలు పెట్టి, పట్టీ వేసి, అదే చోట నిలబెట్టి మళ్లీ అడగండి. కనుబొమలు ఎత్తమనండి. మునుపు చూసినదే ఇప్పుడూ కనిపించాలి. గడ్డం మరింత పైకెత్తవలసి వస్తే పై అంచు కనుబొమను పట్టేస్తున్నదని అర్థం. ‘అబ్బా, పైన కనిపించడం లేదు’ అని బిడ్డ అంటే, అద్దాలు ఎంత ఖరీదైనవైనా పక్కన పెట్టేయండి.

మూడవది, ఐదు నిమిషాలు ఉంచి తీసి ముఖం చూడండి. ఎముకమీద లేత గుర్తు పడితే ఫరవాలేదు. రెప్పమీద గీత పడినా, రెప్ప ఉబ్బినా వద్దు.

ముక్కుపై నిలిచే వంతెనవంటి భాగాన్ని కూడా చూడాలి. చిన్నపిల్లల ముక్కు దూలం ఎత్తుగా ఉండదు. కళ్ల మధ్య దూరం ఎక్కువగా ఉన్న బిడ్డకు ఆ భాగాన్ని సర్దుకునే వీలున్నవి తీసుకోవాలి. లేకపోతే అంచు కంటిమూలలో గుచ్చుకుంటుంది. పట్టీ కింద పెద్దల వేలు ఒకటి సులభంగా దూరాలి. ఆడపిల్లలకు జుట్టు చిక్కుపడకుండా టోపీ పెట్టి దానిపై పట్టీ వేయడం మంచిది. వస్త్రపు టోపీ మీద పట్టీ జారుతుంది, సిలికాన్ టోపీ మీద నిలుస్తుంది.

అద్దం పగలని పాలీకార్బొనేట్‌ది కావాలి. బావిలోనూ, ఇంటికప్పు కింది కొలనులోనూ రంగులేని అద్దమే మేలు. ఆరుబయటి కొలనులో ఎండకు లేతరంగు చాలు. మంచు పట్టకుండా లోపల పూసే ద్రవాల జోలికి పోవద్దు. వాటివల్ల నల్లగుడ్డు మండి గాయపడిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. కొత్త కళ్లద్దాలను మంచినీటితో కడిగిన తరువాతే వాడాలి. అంచులో నియోప్రీన్ వంటి నురుగు రబ్బరు ఉంటే కొందరికి చర్మం దద్దురెక్కుతుంది. అంచువాపు ఉన్నవారికి సిలికానే తగినది.

బావిలో ఎక్కువ జాగ్రత్త

కొలనుకూ మన బావులకూ తేడా ఉంది. బావిలో పిల్లలు గట్టు మీదినుంచి దూకుతారు. రెప్ప వాలిన బిడ్డకు పైభాగపు చూపు సహజంగానే తక్కువ. కళ్లద్దాల అంచు దానిని ఇంకా తగ్గిస్తుంది. పైనుంచి ఎవరు దూకుతున్నారో ఆ బిడ్డకు కనిపించదు. అందువల్ల అతడు నీటిలో ఉన్నంతసేపు గట్టు మీదినుంచి ఎవరూ దూకకూడదన్న నియమం పెట్టాలి. ఒక పెద్దమనిషి అదే పనిగా కనిపెట్టి ఉండాలి.

కళ్లద్దాలు పెట్టుకొని అతడు కూడా దూకకూడదు. నీటి దెబ్బకు అంచు రెప్పలలోకి దిగుతుంది. అడుగుకు మునిగి రూపాయి బిళ్ల తెచ్చే ఆట కూడా వద్దు. నీటిలో పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే ఒక్క మీటరుకే పదోవంతు. లోతుకు వెళ్లినకొద్దీ కళ్లద్దాలలోని గాలి కుంచించుకుపోయి రెప్పలను, కంటిని ముందుకు లాగుతుంది. ముక్కు బయట ఉండడంవల్ల లోపలికి గాలి నింపే మార్గం లేదు. కళ్లు రక్తం చిమ్మినట్లు ఎర్రబడడానికి ఇదొక కారణం. ఈత కళ్లద్దాలు నీటి ఉపరితలంపై ఈదడానికే.

తీసేటప్పుడు కూడా పద్ధతి ఉంది. అద్దాలను ముందుకు లాగితే తడిచేయి జారి, సాగిన పట్టీ వాటిని తిరిగి కంటిమీదికి విసురుతుంది. ఇలా తీవ్ర గాయాలైన సంగతిని 1977లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించింది. రెండు బొటనవేళ్లను చెవుల పక్కన పట్టీ కిందికి దూర్చి, పట్టీని తల వెనుకనుంచి పైకి తీయడం నేర్పించండి.

పుట్టుకతో వాలిన రెప్ప ఎదుటికి, పైకి చూసేటప్పుడే అడ్డు వస్తుంది. కిందికి చూసేటప్పుడు మామూలు రెప్పలా దిగదు గనుక అప్పుడు అడ్డు తక్కువ. కాబట్టి ముఖం నీటిలో ఉంచి అడుగువైపు చూస్తూ ఈదడం ఈ పిల్లలకు కష్టం కాదు. ఎదురుగా గోడ వస్తున్న సంగతి మాత్రం చేయి ముందుకు చాచి తెలుసుకోవడం అలవాటు చేయాలి. నేర్పేవారికి ఈ విషయం ముందే చెప్పండి.

హంద్రీ-నీవా కాలువలో, గొల్లపల్లి జలాశయంలో, చెరువు తూముల దగ్గర ఈ ప్రయోగాలేవీ వద్దు. ప్రవాహానికి పిల్లల ఈత చాలదు. నిలిచి వేడెక్కిన మురికినీటిలోనూ దింపవద్దు. కేరళలో ఇటీవల మెదడును దెబ్బతీసిన అమీబా ముక్కు ద్వారానే లోపలికి పోతుంది. కళ్లద్దాలు ముక్కును కాపాడవు.

శస్త్రచికిత్స అయిన బిడ్డ

రెప్ప ఎత్తే కండరం బొత్తిగా పనిచేయనప్పుడు వైద్యులు తొడనుంచి తీసిన నారపొరతోనో, సిలికాన్ తీగతోనో రెప్పను నుదుటి కండరానికి కలుపుతారు. ఆ తరువాత బిడ్డ కనుబొమ ఎత్తినప్పుడల్లా రెప్ప లేస్తుంది. ఇటువంటి బిడ్డకు కనుబొమ స్వేచ్ఛ ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు. పైగా చికిత్స తరువాత కొంతకాలం, కొందరికి ఎప్పటికీ, నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోదు. నల్లగుడ్డు ఎండిపోకుండా చుక్కలు, లేపనం వాడవలసి వస్తుంది. నీటిలో కూడా ఆ కంటికి రెప్ప రక్షణ తక్కువే. కాబట్టి అతనికి కళ్లద్దాలు అలంకారం కాదు, అవసరం.

గాయం పూర్తిగా మానేవరకు ఈత నిషిద్ధం. ఎన్ని వారాలన్నది చేసిన వైద్యుడే చెప్పాలి. ఈ నాలుగు ప్రశ్నలు రాసుకొని వెళ్లండి: ఎప్పటినుంచి నీటిలో దిగవచ్చు? కళ్లద్దాల అంచు కుట్ల గుర్తులమీద పడవచ్చా? ఈతకు ముందు లేపనం రాయాలా, తరువాతనా? చూపుకు అద్దాలు అవసరమైతే ఈతకు ఏమి చేయాలి? కొన్న కళ్లద్దాలను కూడా వెంట తీసుకువెళ్లి బిడ్డకు పెట్టి చూపించడం ఉత్తమం.

కుట్లు మానకముందు వుజూ గురించి తల్లులు అడుగుతుంటారు. నీరు హాని చేస్తుందని వైద్యుడు చెప్పిన చోట కట్టుమీద తడిచేతితో మసహ్ చేయడానికి ధర్మశాస్త్రం వెసులుబాటు ఇచ్చింది. కంటి లోపల నీరు పోయవలసిన అవసరం ఎవరికీ లేదు.

శుభ్రత, సుర్మా

ఈత ముగిసిన వెంటనే ముఖం మంచినీటితో కడగాలి. అంచువాపు ఉన్న బిడ్డకు గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై కొద్ది నిమిషాలు ఉంచి, పొట్టును మెల్లగా తుడవాలి. కళ్లద్దాలను కడిగి నీడలో ఆరనివ్వాలి. అన్నదమ్ములైనా ఒకరివి ఒకరు వాడకూడదు. కండ్లకలక ఇలాగే ఇల్లంతా పాకుతుంది. కళ్లు ఎర్రబడి పుసులు కట్టిన రోజుల్లో ఈత మానాలి.

పిల్లల కళ్లకు సుర్మా పెట్టడం మన ఇళ్లలో ఉంది. బజారులో దొరికే అనేక సుర్మాలలో సీసపు సమ్మేళనం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. రెప్ప జబ్బు ఉన్న కంటికి అది అసలే వద్దు. కళ్లద్దాల కింద తడికి కరిగిన సుర్మా కంటిలోకే చేరుతుంది.

ఎక్కడ చూపించాలి

కొనుగోలుకు ముందు ఒక్కసారైనా కంటి వైద్యుని చూడడం అవసరం. పుట్టుకతో వచ్చిన లోపాలను కనిపెట్టడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాలల ద్వారా దాని బృందాలను అడగవచ్చు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో ఆరంభమైన కంటి వెలుగు మొదటి దశలో పాఠశాల పిల్లలకే పరీక్షలు జరిగాయి. అప్పటి చీటీలు ఇంట్లో ఉంటే వైద్యునికి చూపండి. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది. అక్కడ చికిత్స ఉచితం. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, బెంగళూరులో మింటో ఆసుపత్రి ఉన్నాయి. 1987లో స్థాపించబడిన హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రెప్పల శస్త్రచికిత్సకే ప్రత్యేక విభాగం ఉంది.

లోపం ఉన్న బిడ్డను నలుగురిలో దాచిపెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలి ఉంది. ఒడ్డున కూర్చోబెట్టిన బిడ్డ తన రెప్పను శాపంగా భావిస్తాడు. తగిన అద్దాలు పెట్టి, పక్కన ఒక పెద్దమనిషి నిలబడితే, అతడూ మిగిలిన పిల్లలతోపాటు నీటిలో చేతులు ఆడిస్తాడు. ఈ వేసవిలో మీ బిడ్డకు కళ్లద్దాలు కొనేటప్పుడు ధరను, రంగును చివర చూడండి. ముందు అతని కనుబొమ కదలికను చూడండి, అతని మాట వినండి. అల్లాహ్ మన పిల్లలందరి చూపును కాపాడుగాక. ఆమీన్.